బండి ఎందుకు తంతోంది?

కిక్ కొట్టిన మనిషిని బండి తిరిగి తన్నడమంటే ఏంటో తెలియనివాళ్ళు ఇప్పుడు చాలామందే ఉంటారు. బటన్ నొక్కితే ‘చిక్’ మని స్టార్టయ్యే స్కూటర్లూ, నూటపాతిక సీసీ బళ్ళూ తోలేవాళ్ళకి ఆ అనుభవం రాదు. పాత బుల్లెట్ తోలినవాళ్ళనడగండి, ప్యాంటు పైకి లాగి పిక్క మీద మచ్చ చూపిస్తారు. మా వైపు దాన్ని ‘రివర్స్ కొట్టింది’ అంటారు. కాలు కిందికి పోవాల్సింది పోయి, కిక్ రాడ్‌తో సహా ఎగిరి పైకొస్తుంది. అదృష్టం బాగుంటే చెప్పు ఎగిరిపోతుంది, బాగోకపోతే మడమ పోతుంది.

ఇలా ఎందుకవుతుందో ముందు చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. పాత 350 బుల్లెట్టే తీసుకోండి. సిలిండర్ వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 90 మిల్లీమీటర్లు, మొత్తం 346 సీసీలు. 2009 తర్వాత వచ్చిన ఈ 346 సీసీ ఇంజన్లలో కంప్రెషన్ నిష్పత్తి 8.5. అంటే దాదాపు 392 సీసీల జాగాలో ఉన్న గాలినీ పెట్రోలు ఆవిరినీ 46 సీసీల్లోకి కుక్కాలి. అదీ ఒకే ఒక్క సిలిండర్లో, ఒకే దెబ్బలో. నాలుగు సిలిండర్ల కారులో ఈ బరువు నాలుగు వాటాలవుతుంది, పెద్ద సింగిల్‌లో వాటాదారు ఎవరూ లేరు. పైగా స్పార్క్ అనేది పిస్టన్ పైకి చేరాక రాదు, కొంచెం ముందే వస్తుంది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఫ్లైవీల్ ఊపు ఉంటుంది కాబట్టి ఆ కొంచెం దూరం దాటిపోతుంది. స్టార్ట్ చేసేటప్పుడు ఆ ఊపు లేదు. సగంలో కాలు నీరసపడిందనుకోండి, పిస్టన్ పైకి చేరకముందే మంట అంటుకుని వచ్చినదారినే వెనక్కి నెట్టేస్తుంది. అదే రివర్స్.

దీనికి మనవాళ్ళు ఎప్పుడో మందు కనిపెట్టారు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైన కాలం నుంచి కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్లన్నిటికీ ఎడమ చేతి దగ్గర ఒక చిన్న లివర్ ఉండేది. డీకంప్రెసర్. అది నొక్కితే సిలిండర్ హెడ్‌లో ఉన్న ఒక బుల్లి వాల్వ్ తెరుచుకుని గాలి ‘ఫుస్స్’ మని బయటికి పోతుంది. బుల్లెట్ స్టార్ట్ చేయడం అంటే అదో చిన్న పూజ. తాళం తిప్పి, కిక్‌ని మెల్లగా తొక్కుతూ హెడ్‌లైట్ మీదున్న ఆంపియర్ మీటర్ వైపు చూడాలి. ముల్లు పక్కకి వాలి, మళ్ళీ మధ్యకి వచ్చిన చోట ఆగాలి. అంటే పాయింట్లు విడిపోయాయి, పిస్టన్ పైకి వచ్చేసింది అన్నమాట. అక్కడ డీకంప్రెసర్ నొక్కి కిక్‌ని ఇంకో రవ్వంత కిందికి తోసి, లివర్ వదిలి, కిక్‌ని పైకి రానిచ్చి, అప్పుడు ఒక్కటి కొట్టాలి. తెలిసినవాడికి ఒక్క కిక్కు, తెలియనివాడికి ముప్ఫై. పొలాల్లో ఆయిల్ ఇంజన్ తిప్పినవాళ్ళకీ ఇది తెలుసు. గోదావరి ఒడ్డున కరెంటు మోటార్లు రాకముందు నీళ్ళు తోడిన ఆ ఇంజన్లకి పైన లివర్ ఎత్తిపెట్టి హ్యాండిల్ గిర్రున తిప్పి, ఊపందుకున్నాక లివర్ పడేసేవాళ్ళు. డుబ్... డుబ్... డుబ్ మని అందుకునేది. అదీ డీకంప్రెషనే.

తర్వాత సెల్ఫ్ స్టార్టర్లు వచ్చాయి. ఇంత పూజ చేసే ఓపిక ఎవరికుంది? కాబట్టి ఆ లివర్‌ని తీసి ఇంజన్ లోపల పెట్టేశారు. ఆటోమేటిక్ డీకంప్రెసర్. చాలా తెలివైన ఏర్పాటు, చాలా చిన్న ఏర్పాటు. ఎగ్జాస్ట్ వాల్వ్‌ని తెరిచే క్యామ్ ఉంటుంది కదా, దాని పక్కన ఒక చిన్న పిన్ను, ఒక బరువు ముక్క, ఒక స్ప్రింగ్. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు, మెల్లగా తిరుగుతున్నప్పుడు స్ప్రింగ్ ఆ బరువుని లోపలికి లాగి పట్టుకుంటుంది. అప్పుడు పిన్ను క్యామ్ మీద మొటిమలా పైకి లేచి ఉంటుంది. పిస్టన్ గాలిని నొక్కుతూ వస్తున్నప్పుడు ఈ మొటిమ ఎగ్జాస్ట్ వాల్వ్‌ని ఒక వెంట్రుకవాసి ఎత్తి కొంత గాలిని వదిలేస్తుంది, పిస్టన్ పైకి చేరేలోపు మళ్ళీ మూసేస్తుంది. ఇంజన్ అందుకుని వేగం పెరగ్గానే బరువు బయటికి విసురుకుపోయి, పిన్ను లోపలికి తిరిగి, మొటిమ మాయమవుతుంది. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. గుజ్రీలో రంగులరాట్నం కుర్చీలు బయటికి విసురుకున్నట్టే, అంతకుమించి ఏమీ లేదు.

ఇక్కడే నాకో పేచీ ఉంది. లివర్ ఉన్నప్పుడు ప్రతి బుల్లెట్ ఓనరుకీ డీకంప్రెసర్ అనేదొకటి ఉందని తెలుసు, కేబుల్ తెగితే ఆ పొద్దే తెలుస్తుంది. దాన్ని లోపల పెట్టేశాక అదొకటుందన్న సంగతే జనం మర్చిపోయారు. ఓనర్లు మర్చిపోతే సరే, మెకానిక్కులూ మర్చిపోయారు. పాడైతే లైటు వెలగదు, మీటర్ చూపించదు, బండి ఆగిపోదు కూడా. దాని పక్కవాళ్ళు ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు. ప్రొడక్షన్ సపోర్ట్ చేసినవాళ్ళకి ఈ లక్షణం ఎక్కడో చూసినట్టు అనిపించాలి.

సరే, అసలు విషయం. మా అక్కావాళ్ళు శ్రీరాంపూర్లో ఉంటారు. ఇప్పుడు మంచిర్యాల జిల్లా, 2016 దాకా ఆదిలాబాద్ జిల్లా. బావ సింగరేణిలో ఫిట్టర్, అండర్‌గ్రౌండ్. బదిలీ అయ్యాక క్వార్టర్ నుంచి బావికి రోజూ బండి మీద పోవాలి. (‘గని’ అని పేపర్లో రాస్తారు గానీ అక్కడ అందరూ బావి, బాయి అనే అంటారు.) 2014లో కొన్న పెద్ద సింగిల్ సిలిండర్ బండి ఆయనది. ఏ కంపెనీదో చెప్పను. ఎందుకంటే ఇది కంపెనీ మీద ఫిర్యాదు కాదు, తొమ్మిదేళ్ళు బొగ్గు దుమ్ములో తిరిగిన ఏ బండికైనా రాగల రోగమే. ఆయన దాన్ని చూసుకున్నంత బాగా నేను నా లాప్‌టాప్‌ని చూసుకోను.

2023 చలికాలంలో మొదలైంది. పొద్దున్నే సెల్ఫ్ నొక్కితే ‘ఠక్’ మని ఒక దెబ్బ, ఇంజన్ తిరగదు. మళ్ళీ నొక్కితే తిరుగుతుంది. మొదట్లో వారానికోసారి, తర్వాత రెండురోజులకోసారి. బ్యాటరీ అన్నారు, మార్చారు. పది రోజులు బాగుంది. మళ్ళీ ఠక్. ఈసారి సెల్ఫ్ నొక్కితే మోటార్ గిర్రున తిరుగుతోంది గానీ ఇంజన్ కదలట్లేదు. స్ప్రాగ్ క్లచ్ పోయిందన్నారు. స్టార్టర్ మోటార్ శక్తిని ఒకే దిక్కుకి ఇంజన్‌కి అందించే వన్‌వే క్లచ్ అది. ఇంజన్ స్టార్టయ్యాక దానంతటదే వదిలేస్తుంది. కొత్తది వేశారు. రెండు నెలలకి అదీ పోయింది. ఇంకోటి వేశారు. రెండుసార్లకీ కలిపి పదమూడు వేలు దాటింది. బిల్లు మీద రెండుసార్లూ ఒకే మాట: స్ప్రాగ్ క్లచ్ మార్చబడినది. ఎందుకు పోయిందో రాయడానికి ఆ బిల్లులో గడి లేదు.

రెండో స్ప్రాగ్ పోయిన వారంలో, సెల్ఫ్ పనిచేయట్లేదని కిక్ కొట్టాడు బావ. ఫస్ట్ షిఫ్టు, చలి, చీకటి. రివర్స్ కొట్టింది. మడమ వాచి బూటు పట్టలేదు. తొమ్మిది రోజులు ఇంట్లో.

తొమ్మిది రోజులే కదా అని మనకనిపిస్తుంది. మనం ల్యాప్‌టాప్ తెరిచి ‘ఈరోజు ఇంటి నుంచి పనిచేస్తున్నాను’ అని ఒక మెసేజ్ పడేస్తే అయిపోతుంది. అక్కడ మస్టర్ అనేది వేరే లెక్క. అప్పటి గనుల చట్టం ప్రకారం భూగర్భంలో పనిచేసేవాళ్ళకి ఏడాదిలో 190 హాజర్లు ఉంటేనే జీతంతో కూడిన సెలవు లెక్కలోకి వచ్చేది, పైన పనిచేసేవాళ్ళకైతే 240. ఆ ఏడాది బావకి అంతకుముందే డెంగ్యూ వచ్చి చాలా మస్టర్లు పోయాయి. క్యాలెండర్లో రోజులు లెక్కపెట్టుకునే స్థితిలో ఉన్నాడు. అక్క ఫోన్లో ‘బండి అమ్మెయ్యమంటే వినడురా’ అని ఏడుపు గొంతుతో చెప్పింది. అప్పుడు వెళ్ళాను నేను. చేయడానికి నా దగ్గర ఏముంది, ఒక ఫోనూ, ఎక్కడెక్కడి సర్వీస్ మాన్యువల్స్ వెతికే అలవాటూ. చేతులు బావవే.

నేను వెళ్ళేసరికి మంచం మీద కాలు చాపుకుని స్ప్రాగ్ క్లచ్చుల పాత ముక్కలు రెండూ ముందర పెట్టుకుని చూస్తున్నాడు. పాత సామాను ఇవ్వనిదే డబ్బులివ్వడు ఆయన, అదొక అలవాటు. “ఇగో చూడు బామ్మర్దీ, రెండూ ఒక్కతీరుగనే పగిలినయ్. అరిగిపోవుడు వేరే, పగులుడు వేరే. దీన్ని ఎవడో కొడ్తున్నడు,” అన్నాడు.

ఆ మాట మీదే నాకు ఆయన ఉద్యోగం ఏంటో మొదటిసారి సరిగ్గా అర్థమైంది. బొగ్గు మోసే చైన్ కన్వేయర్‌కీ దాని మోటార్‌కీ మధ్య ఫ్లూయిడ్ కప్లింగ్ అని ఒకటుంటుందట. దానికి ఒక కరిగే ప్లగ్గు. చైన్ ఎక్కడైనా పట్టేస్తే లోపల వేడెక్కి ఆ ప్లగ్గు కరిగిపోతుంది, ద్రవం కారిపోయి మోటార్ విడిపోతుంది, మోటార్ బతుకుతుంది. “ప్లగ్గు కరిగిందంటే దాని పని అది చేసినట్టే. ఊకె ప్లగ్గులు మార్చుకుంట పోతే చైన్ ఎప్పుడు చూస్తవ్? కొందరైతే ఇంకా హుషారు, ప్లగ్గు జాగల బోల్టు బిగిస్తరు. ఇగ కరగనే కరగదు. మోటార్ కాలుతది.” మన దగ్గర మెమరీ లీక్ ఉన్న సర్వర్‌ని రాత్రి మూడింటికి రీస్టార్ట్ చేసే స్క్రిప్టు రాసి దానికి ‘సెల్ఫ్ హీలింగ్’ అని పేరు పెట్టినవాళ్ళని నేనెరుగుదును. ప్రమోషన్ కూడా వచ్చింది :-)

స్ప్రాగ్‌ని కొట్టేది ఏది? స్టార్టర్ ముందుకి తిప్పుతుండగా ఇంజన్ వెనక్కి తన్నితే ఆ దెబ్బంతా మధ్యలో ఇరుక్కున్న స్ప్రాగ్ మీదే పడుతుంది. కాబట్టి ప్రశ్న స్ప్రాగ్ గురించి కాదు. ఇంజన్ ఎందుకు వెనక్కి తంతోంది అన్నదే. దానికి కారణాలు బోలెడు లేవు. బ్యాటరీ నీరసంగా ఉండి మెల్లగా తిప్పడం ఒకటి. స్పార్క్ రావాల్సిన దానికంటే ముందొచ్చేయడం ఇంకోటి. లోపల మసి పేరుకుని కంప్రెషన్ పెరగడం. డీకంప్రెసర్ పనిచేయకపోవడం. అంతే.

బ్యాటరీ కొత్తది. ఊరికే కొలిస్తే 12.6 వోల్టులు చూపించింది గానీ ఊరికే కొలిచిన వోల్టుకి విలువ లేదు, సెల్ఫ్ నొక్కి పట్టుకుని కొలవాలి. కొలిచాం. పదిన్నర దగ్గర నిలబడింది, మంచిదే. నెగటివ్ కేబుల్ ఇంజన్‌కి బిగించే చోట తుప్పు గీకి మళ్ళీ బిగించాడు, తేడా లేదు. స్పార్క్ టైమింగ్ తప్పితే పరుగులో కూడా తెలియాలి, ఎక్కుడులో టకటకమని కొట్టుకోవాలి, ఐడిల్ ఒడిదుడుకుగా ఉండాలి. అలాంటిదేం లేదు, ఒకసారి స్టార్టయితే బండి వెన్నలా పోతోంది. మసి సంగతి హెడ్ విప్పితేగానీ తెలీదు, కాబట్టి దాన్ని చివరికి పెట్టాం.

ఇక మిగిలింది కంప్రెషన్. ఇక్కడ జరిగింది వినండి. రిపేరు షాపువాళ్ళు రెండోసారి గేజ్ పెట్టి కొలిచారట. 130 పీఎస్ఐ వచ్చింది. “కొత్త బండి లెక్క ఉందన్నా, ఇంజన్‌కి ఢోకా లేదు” అని సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ మాటతోనే ఇంజన్ మీద అనుమానం ముగిసిపోయి అందరూ ఎలక్ట్రికల్ మీద పడ్డారు.

ఆ 130 ఎంత ఉండాల్సిన చోట 130? ఇదే నేనడిగింది. డీకంప్రెసర్ ఉన్న ఇంజన్‌ని సెల్ఫ్‌తో తిప్పుతూ గేజ్ పెడితే గేజ్ చూపించేది అసలు కంప్రెషన్ కాదు. కొంత గాలి వదిలేశాక మిగిలింది. అంటే ఆరోగ్యంగా ఉన్న బండి రీడింగ్ తక్కువ రావాలి! పుస్తకంలో అంకె వెతుక్కుంటూ కూర్చోకుండా బావ పక్క వీధిలో అదే మోడల్ బండి ఉన్న తన సెకండ్ షిఫ్టు దోస్తుని పిలిచాడు. అదే గేజ్, అదే బ్యాటరీ వైర్లు పెట్టి, రెండు ఇంజన్లూ చల్లగా ఉన్నప్పుడు, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కొలిచాం. దోస్తు బండి 70. బావ బండి 130.

దోస్తు మొహం వాడిపోయింది, తన బండి రింగులు పోయాయని. కాదన్నా, నీ బండే బాగుంది, దీనికే జ్వరం అని చెప్పేసరికి నమ్మలేదు. షాపువాళ్ళు ఆరోగ్యం అని చదివిన అంకే రోగం. డాష్‌బోర్డు మీద అంతా పచ్చగా ఉందంటే ఏ గీతకి ఎంత ఉండాలో తెలిసి పచ్చ రంగు వేశారా అన్నది ఎవరూ అడగరు. అలాగే దీనికి తిరగేసిన ప్రమాదం కూడా ఉంది. దోస్తు బండిని ఏ పని లేని రోజున గేజ్ పెట్టి చూసి, 70 వచ్చింది కాబట్టి రింగులు పోయాయి, బోర్ చేయించాలి అని ఇంజన్ విప్పేసినా విప్పేస్తారు. ఇలాంటి ఇంజన్లలో రింగులు, వాల్వులు బాగున్నాయో లేదో తెలియాలంటే లీక్‌డౌన్ టెస్టు చేయాలి. పిస్టన్‌ని పైన ఆపి, రెండు వాల్వులూ మూసి ఉన్నప్పుడు ప్లగ్ రంధ్రంలోంచి గాలి కొట్టి, ఎంత కారుతోందో, ఎక్కడినుంచి కారుతోందో వినాలి. సైలెన్సర్లో శబ్దమొస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఇంజన్ ఆయిల్ పోసే మూత దగ్గరొస్తే రింగులు.

అయినా బావకి గేజ్ ఒక్కటి చాలదు. “కండ్లతోటి చూడాలె” అన్నాడు. ఆదివారం పొద్దున ట్యాంక్ దింపి, రాకర్ కవర్ తీసి, ప్లగ్ విప్పి, సెంటర్ స్టాండ్ వేసి, టాప్ గేర్లో పెట్టాడు. నేను వెనక చక్రాన్ని ముందుకి మెల్లగా తిప్పుతుంటే ఆయన ఎగ్జాస్ట్ రాకర్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు. ఇది ఎవరైనా చేయొచ్చు, కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఎగ్జాస్ట్ వాల్వ్ నిండుగా తెరుచుకుని మూసుకుంటుంది. తర్వాత ఇన్‌టేక్ తెరుచుకుని మూసుకుంటుంది. అక్కడినుంచి పిస్టన్ పైకి వచ్చేది కంప్రెషన్. మామూలుగా ఈ దశలో రెండు వాల్వులూ కదలకూడదు. కానీ డీకంప్రెసర్ బాగుంటే సరిగ్గా ఇక్కడే ఎగ్జాస్ట్ రాకర్ ఒక్కసారి కొంచెం ‘ఉలిక్కిపడి’ మళ్ళీ కూర్చుంటుంది. కంటికి తప్పినా వేలికి తెలుస్తుంది. చక్రం పదిసార్లకి పైగా తిప్పాం. ఉలికిపాటు లేదు.

దీంతో డీకంప్రెసర్ పనిచేయట్లేదని తేలింది గానీ ఎందుకు పనిచేయట్లేదన్నది ఇంకా తేలలేదు. మధ్యలో ఇంకొకడున్నాడు. ఈ బండికి హైడ్రాలిక్ లిఫ్టర్లు. లోపల ఆయిల్ నింపుకుని గ్యాపు తనే సర్దుకునే టాపెట్లు. లిఫ్టర్‌లో ఆయిల్ నిలవకపోతే అది స్పాంజిలాగా అణుగుతుంది, క్యామ్ మీది చిన్న మొటిమ ఎత్తే వెంట్రుకవాసిని అదే మింగేస్తుంది. పిన్ను బాగున్నా వాల్వ్ లేవదు. స్క్రూ టాపెట్లున్న బళ్ళలోనైతే ఇదే పని టాపెట్ గ్యాపు చేస్తుంది. పాయింట్ సున్నా ఎనిమిది ఉండాల్సిన గ్యాపు పాయింట్ మూడుకి వెళ్ళిందనుకోండి, మొటిమ ఆ ఖాళీలోనే లేచి పడుకుంటుంది. అందుకే స్క్రూ టాపెట్ బండి రివర్స్ కొడుతుంటే క్యామ్ విప్పేముందు ఎగ్జాస్ట్ టాపెట్ గ్యాపు చూసుకోండి. ఫీలర్ గేజ్ ఒక్కటి చాలు, ఖర్చు సున్నా. మా కేసులో లిఫ్టర్ మీద అనుమానం నిలవలేదు. లిఫ్టర్ అణిగిపోయుంటే ఇంజన్ నడుస్తున్నప్పుడు టిక్ టిక్ మని టాపెట్ మోత రావాలి, రావట్లేదు. పుష్‌రాడ్‌ని బొటనవేలితో గట్టిగా నొక్కినా దిగలేదు.

ఇక టైమింగ్ కవర్ విప్పక తప్పలేదు. విప్పాక రెండు నిమిషాల పని. ఎగ్జాస్ట్ క్యామ్ గేర్ మీది బరువు ముక్క బయటికి తెరుచుకుని అక్కడే పాతుకుపోయి ఉంది. వేలితో నెడితే రాలేదు. దాని స్ప్రింగ్ తెగిపోయింది, తెగిన కొన ఒకటి బరువు వెనక ఇరుక్కుని దాన్ని లోపలికి రానివ్వట్లేదు. అంటే ఇంజన్ ఎప్పుడూ పూర్తి వేగంలో ఉన్నట్టే డీకంప్రెసర్ అనుకుంటోంది. మొదట్లో వారానికోసారి, తర్వాత రోజూ ఎందుకైందో కూడా సరిపోయింది. ముందు స్ప్రింగ్ సడలి బరువు ఒకోసారి సగంలో నిలిచిపోయి ఉంటుంది, తర్వాత పూర్తిగా తెగింది.

నేనైతే ఫోటో తీసి, విజయగర్వంతో అక్కకి టీ చెప్పాను. బావ లేవలేదు. తెగిన స్ప్రింగ్‌ని టేబుల్ మీద పెట్టి చుట్లు లెక్కపెడుతున్నాడు. ఒక కొక్కెం, దాని పక్క చుట్టు లేవు. “మిగిలిన ముక్క ఏది?” ఆయిల్ మొత్తం దింపి పాత పంచెలో వడగట్టాడు. లేదు. స్ట్రెయినర్ విప్పితే జాలీలో ముల్లులా గుచ్చుకుని కనిపించింది. అది దొరికి, రెండు ముక్కలూ అతికించి చూసి సరిపోయాక గానీ చేతులు కడుక్కోలేదు. ఆ ముక్క ఆయిల్ పంపులోకి పోయి ఉంటే స్ప్రాగ్ ఖర్చు చిల్లర అనిపించేది. బావిలో దిగేటప్పుడు తీసుకెళ్ళిన ప్రతి పానా పైకొచ్చేటప్పుడు లెక్క తేలాలట, ఆ అలవాటు. ఈ ఒక్క సంగతికి నేను ఆయనకి దండం పెట్టాను. మనం ఫిక్స్ పెట్టి టెస్టులు పాసవ్వగానే టికెట్ మూసేస్తాం. ఆ బగ్ రెండు నెలలపాటు డేటాబేస్‌లో రాసి పెట్టిన చెత్త ఎక్కడ గుచ్చుకుని ఉందో వెతికేవాళ్ళు ఎంతమంది?

డీకంప్రెసర్ ఇంకో రకంగా కూడా పాడవుతుంది, తెరుచుకుని ఉండిపోవడం. అప్పుడు లక్షణాలు తలకిందులు. సెల్ఫ్ పువ్వులా తిరుగుతుంది, కానీ ఐడిల్ నిలవదు, సైలెన్సర్లో టప్ టప్ మని పేలుతుంది, లాగుడు తగ్గుతుంది. దీన్ని కార్బురేటర్ జబ్బనో ఇంజెక్టర్ జబ్బనో అనుకుని శుభ్రం చేస్తూ పోతారు. రెండిట్లో ఏది నయం అంటే నా ఓటు దీనికే, ఎందుకంటే ఎవరి కాలూ విరగదు. అసలు అలా పాడయ్యేట్టు, అంటే స్ప్రింగ్ తెగితే మూసుకునేట్టు కాకుండా తెరుచుకునేట్టు ఎందుకు కట్టరు అని బావనడిగాను. “నడిరోడ్డు మీద ఊకె బంద్ అయితే తిట్టవా మరి?” అన్నాడు. అదీ నిజమే. బావ ఒప్పుకోలేదు గానీ నాకు ఇప్పటికీ నా మాటే సబబనిపిస్తోంది.

అమెరికాలో ఉండి హార్లీలు తోలే మిత్రుల కోసం ఒక ముక్క. 2017 మోడళ్ళతో వచ్చిన మిల్వాకీ ఎయిట్ ఇంజన్లు దాదాపు 1,750 సీసీలు, రెండే సిలిండర్లు. వాటిలో ఈ పని స్ప్రింగూ బరువూ చేయవు, సిలిండర్ హెడ్‌లో ఉన్న సోలెనాయిడ్ వాల్వ్ చేస్తుంది. స్టార్టర్ నొక్కినప్పుడు కంప్యూటర్ దానికి కరెంటిచ్చి తెరుస్తుంది. కరెంటు రకం కాబట్టి వెతికే దారి సులువు. కనెక్టర్ విప్పి కాయిల్ రెసిస్టెన్స్ కొలిచి మాన్యువల్లో అంకెతో పోల్చడం, ఒక్క క్షణం 12 వోల్టులిచ్చి ‘క్లిక్’ వినబడుతోందో లేదో చూడడం, కనెక్టర్ దాకా కరెంటు వస్తోందో లేదో చూడడం. క్లిక్ వినిపించినంత మాత్రాన వాల్వ్ మూసుకుంటోందని కాదు, మసి పట్టి సగంలో ఆగొచ్చు. కాబట్టి లీక్‌డౌన్ దీనికీ తప్పదు. అక్కడైతే గంటకి ఎంత లేబర్ చార్జీ వేస్తారో మీకే తెలుసు, ముందు మీరే కొలుచుకుని వెళ్ళండి.

బావ బండికి ఆ స్ప్రింగ్ ఒక్కటీ విడిగా దొరకదు, క్యామ్ గేర్ మొత్తం కొనాల్సిందే. మంచిర్యాలలో లేదు, కరీంనగర్‌లో లేదు, హైదరాబాద్ నుంచి నేను పంపాను. ఒక స్ప్రాగ్ క్లచ్ ఖరీదులో సగం కూడా లేదు దాని ధర. బిగించాక మొదట చేసింది సెల్ఫ్ నొక్కడం కాదు, మళ్ళీ చక్రం తిప్పి రాకర్ మీద వేలు పెట్టడం. ఉలిక్కిపడింది. తర్వాత గేజ్ పెడితే 75. అప్పటికే దెబ్బతిన్న రెండో స్ప్రాగ్ బదులు ఇంకోటి వేయక తప్పలేదు, అది మూడోది. ఇది రాస్తున్న రోజుకీ అదే నడుస్తోంది. మస్టర్లు ఆ ఏడాది 190 దాటాయి, నాలుగు మిగిలాయి.

షాపుకి వెళ్ళి గొడవపెట్టుకోమని అక్క చాలా పోరింది. బావ పోలేదు. తెగిన స్ప్రింగ్ రెండు ముక్కలూ ఒక గుట్కా డబ్బాలో వేసుకుని వెళ్ళి, అక్కడ పనిచేసే చిన్న కుర్రాడికి చూపించి, రాకర్ మీద వేలు ఎక్కడ పెట్టాలో చెప్పి వచ్చాడు. మొన్న దసరాకి వెళ్ళినప్పుడు ఆ కుర్రాడే ఇంటికొచ్చాడు, గేజ్ పట్టుకుని. “అన్నా, ఒక బండికి నూట పదిహేను చూపెడుతుంది, మీ బండికి ఒకసారి పెట్టి చూస్త” అన్నాడు.